మా కాంపౌండులో వేపచెట్టు

ఖురం అంటే అరబ్బీలో మడచెట్టు. మన కాకినాడ దగ్గర కోరింగ అడవుల్లో పెరిగే మడే ఇక్కడి తీరంలోనూ ఉందంటే పిల్లలు నమ్మరు. పచ్చదనమంటే వాళ్ళకు పార్కులో లాన్. మా కాంపౌండులో కొన్ని కుటుంబాలం కలిసి ఉమ్మడి తోట వేద్దామనుకున్నప్పుడు పెద్దవాళ్ళం అన్న మొదటి మాటా అదే!

మస్కట్‌లో ఏడాదికి కురిసే వాన సుమారు 100 మిల్లీమీటర్లే. కుళాయిలో వచ్చేది సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసిన నీరు. దాన్ని గడ్డికి పొయ్యాలంటే మనసొప్పలేదు. ఇంజనీర్లం కదా, కంప్యూటర్లో రంగురంగుల ప్లాను గీశాం. వాదనలూ రంగురంగులుగానే జరిగాయి. చివరికి పిల్లలు పరిగెత్తేంత మేరకే లాన్, మిగతా చోట మునగ, కరివేపాకు, మల్లె, వాటి మొదళ్ళకు డ్రిప్ గొట్టాలు. 2007 జూన్‌లో గోను తుపానుకు ఖురం మునగడం చూసినవాళ్ళు పల్లపు మూలకు సిమెంటు వెయ్యనివ్వలేదు.

అసలు తగువు బెంచీ దగ్గర వచ్చింది. మా తోటమాలిది నిజామాబాద్ వైపు. ప్లాను చూపిస్తే, "మంచిగుంది సార్, మరి పగటీలి నీడ ఏడుంటది?" అన్నాడు. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని ఇక్కడి నియమం. ఆ మూడు గంటలూ ఆయన ఎక్కడ కూర్చోవాలి? అక్కడ బెంచీ వేస్తే బయటివాళ్ళు చేరతారని కొందరన్నారు. మేము పట్టు విడవలేదు. గోడవారనున్న పాత వేపచెట్టు కిందే బెంచీ, పక్కన మంచినీళ్ళ కూలరు.

సెలవు రోజు సాయంత్రం మా పిల్లలు తెలుగు బడి హోంవర్కు అక్కడే చేస్తున్నారు. కరివేపాకును ఆయనలాగే కల్యామాకు అంటున్నారు.