మాయాకథ - గుణదోష విచారణ

అద్భుత కథలు తెలుగువారికి కొత్తవి కావు. ఏడు సముద్రాల ఆవలి చిలుకలో ప్రాణం దాచుకున్న మాయల ఫకీరు కథ తరతరాలుగా వాడుకలో ఉన్నదే. ఆ కథకు ఒక నియమం ఉంది. చిలుక చిక్కనిదే ఫకీరు చావడు. కల్పన ఎంత స్వేచ్ఛగా విహరించినా, తాను విధించుకున్న కట్టుబాటును తానే పాటించినప్పుడు మాత్రమే పాఠకుని విశ్వాసాన్ని పొందగలుగుతుంది. బ్రిటిష్ రచయిత్రి జె.కె. రౌలింగ్ హ్యారీ పాటర్ నవలామాలలోని మూడవ నవలను పరిశీలించడానికి ఈ కట్టుబాటే తగిన కొలమానం.

'హ్యారీ పాటర్ అండ్ ద ప్రిజనర్ ఆఫ్ అజ్కబాన్' 1999 జూలైలో వెలువడి, ఆ సంవత్సరపు విట్‌బ్రెడ్ బాలసాహిత్య పురస్కారాన్ని అందుకుంది. తల్లిదండ్రులను పోగొట్టుకున్న హ్యారీకి అప్పటికి 13 ఏళ్లు. అతని తల్లిదండ్రులను శత్రువుకు పట్టి ఇచ్చాడనే అపవాదు మోస్తున్న సిరియస్ బ్లాక్ 12 ఏళ్ల తరువాత అజ్కబాన్ కారాగారం నుండి తప్పించుకుంటాడు. అతడు హ్యారీని చంపడానికే వస్తున్నాడని అందరూ నమ్ముతారు. ఆ నమ్మకం తలకిందులు కావడమే ఈ కథ.

ఈ నవల ప్రధాన గుణం వేగం. 22 అధ్యాయాలలో ప్రతిదీ ఒక సందేహాన్ని మిగిల్చి పాఠకుణ్ణి ముందుకు నడిపిస్తుంది. అయితే ఇది గుడ్డి పరుగు కాదు. నాలుగవ అధ్యాయంలోనే రాన్ పెంచుకునే ఎలుక కాలికి ఒక వేలు లేదన్న మాట యథాలాపంగా వినిపిస్తుంది. అసలు ద్రోహి ఆ ఎలుక రూపంలో దాగి ఉన్నాడని చివరకు తెలిసినప్పుడు, ఆ చిన్న మాటకు ఉన్న విలువ బోధపడుతుంది.

వేగాన్ని మించిన గుణం డిమెంటర్ల కల్పన. ఇవి మనుషుల ఆనందాన్ని పీల్చివేసి నిరాశను మాత్రమే మిగిల్చే కారాగార రక్షకులు. తాను అనుభవించిన మానసిక కుంగుబాటు నుండి ఈ కల్పన రూపుదిద్దుకున్నదని రచయిత్రి స్వయంగా చెప్పింది. వీటిని తరిమే మంత్రానికి బలం ఒక సంతోషకరమైన జ్ఞాపకం. హ్యారీకి చిక్కంతా ఇక్కడే ఉంది. డిమెంటర్లు సమీపించినప్పుడు అతనికి తన తల్లి చివరి ఆక్రందన వినిపిస్తుంది. వాటిని తరిమితే ఆ కంఠమూ దూరమవుతుంది. ఆత్మరక్షణ నేర్చుకుంటూనే, అమ్మ గొంతు మరొక్కసారి వినాలని లోలోపల తహతహలాడే ఆ బాలుని వేదన ఈ నవలను వట్టి వినోద గ్రంథంగా మిగలనివ్వలేదు.

ఇక దోషాలు. కథ పతాకస్థాయికి చేరుతున్న వేళ పాత్రలన్నీ ఒక పాడుబడిన ఇంట్లో నిలబడి గతాన్ని సుదీర్ఘంగా వివరిస్తాయి. అంతవరకు సంఘటనలే చెప్పిన కథను అక్కడ సంభాషణలు మోయవలసి వచ్చింది. ప్రత్యర్థి విద్యార్థుల పాత్రలు కేవలం దుష్టత్వానికే పరిమితమయ్యాయి.

వీటికంటే పెద్ద దోషం కాలాన్ని వెనక్కు తిప్పే సాధనం. హెర్మయొనీ ఒకే సమయంలో అనేక తరగతులకు హాజరు కావడానికి ఇచ్చిన ఆ సాధనం చివరలో రెండు ప్రాణాలను కాపాడుతుంది. కాలాన్ని ఇంత సులభంగా తిప్పగలిగితే తక్కిన ఆపదలను ఎందుకు నివారించలేదన్న ప్రశ్న పాఠకునిలో తలెత్తుతుంది. 2003లో వచ్చిన అయిదవ నవలలో మంత్రిత్వశాఖ భద్రపరచిన అటువంటి సాధనాలు ధ్వంసమవుతాయి. దానితో ఆ దారి మూసుకుపోయినా, మూడవ నవల లేవనెత్తిన ప్రశ్న మాత్రం మిగిలే ఉంది.

అయినా ఈ నవలలోని అత్యుత్తమ ఘట్టం ఆ సాధనం వల్లనే సాధ్యమైంది. సరస్సు ఆవలి గట్టున ఎవరో మంత్రం ప్రయోగించి తనను కాపాడడం హ్యారీ చూస్తాడు. ఆ వ్యక్తి తన తండ్రేనని భ్రమిస్తాడు. కాలంలో వెనక్కు వెళ్లి అదే గట్టున తండ్రి కోసం ఎదురుచూస్తాడు. ఎవరూ రారు. తనను కాపాడినది తానేనని గ్రహించి మంత్రదండం ఎత్తుతాడు. గుణమూ దోషమూ ఇక్కడ ఒకే వేరు నుండి మొలకెత్తాయి.

మొదటి పఠనంలో వేగం పాఠకుణ్ణి లాక్కుపోతుంది. రెండవ పఠనంలో లోపాలు కంటబడతాయి. లోపాలు తెలిసిన తరువాత కూడా ఆ గట్టున ఒంటరిగా నిలిచిన బాలుడు మనసులో మిగిలిపోతే, ఆ రచన తన పరీక్షలో నెగ్గినట్లే.