మూపురం నీడలో బజారు

మన బ్లాస్టు ఫర్నేసులకు ఇనుప ఖనిజం బైలదిల్లా కొండల నుండి వస్తుందన్న సంగతి ఉక్కునగరంలో బడికి వెళ్ళే పిల్లలకు కూడా తెలుసు. అయితే ఆ ఖనిజాన్ని తవ్వి పంపేవారు ఎటువంటి ఊరిలో ఉంటారో, సాయంత్రం ఏ వీధికి నడచి వెళ్తారో, ఏ వస్తువు దొరకక ఎంత దూరం పోతారో మనలో చాలమందికి తెలియదు. ఉద్యోగరీత్యా కొద్ది రోజులు కిరండూల్, బచేలి పట్టణాలలో ఉండే అవకాశం మాకు కలిగింది. గనుల సంగతులు సాంకేతిక నివేదికకు సంబంధించినవి కనుక వాటినిక్కడ ముట్టుకోము. ఆ ఊళ్ళ బజారును గురించి, ఆ బజారులో ఇంకా ఏ దుకాణాలు ఉంటే బాగుండునని అక్కడివారు కోరుకొంటున్నారో దానిని గురించి నాలుగు మాటలు పాఠకులతో పంచుకోదలచాము.

కొండ దారి

కొత్తవలస నుండి కిరండూల్ వరకు రైలుమార్గం పొడవు 446 కి.మీ. జపాను ఉక్కు పరిశ్రమకు బైలదిల్లా ఖనిజాన్ని ఎగుమతి చేసే నిమిత్తం 1960 దశకంలో ఈ మార్గాన్ని నిర్మించారు. తూర్పు కనుమలను తొలుచుకొంటూ, లోయల మీద వంతెనలు వేసుకొంటూ సాగిన ఆ పని నేటికీ ఇంజనీర్లకు కనువిందు. అరకుకు ముందు వచ్చే శిమిలిగుడ స్టేషను ఎత్తు 996 మీటర్లు. కాశ్మీరు లోయలో రైలు రాకముందు దేశంలో బ్రాడ్‌గేజి మార్గం మీద ఇంతకంటే ఎత్తయిన స్టేషను లేదని గర్వంగా చెప్పుకొనేవారు.

ఈ ప్రయాణంలో భాషలు మారే తీరు ముచ్చటగా ఉంటుంది. అరకు వరకు పల్లీలు, జామకాయలు తెలుగులో అమ్ముతారు. కోరాపుట్ దగ్గర ఒడియా వినిపిస్తుంది. జగదల్‌పూర్ దాటిన తరువాత హిందీ, బస్తర్ ప్రాంతానికి ఉమ్మడి భాషయైన హల్బీ. దంతెవాడ తరువాత గోండీ మాటలు చెవిన పడతాయి. గోండీ మన ద్రావిడ కుటుంబపు భాషే. వారు నీటిని ‘ఏర్’ అంటారు. మన ‘ఏరు’ అక్కడ అలా పలకరించగానే పరాయి చోటికి వచ్చామన్న భావన సగం తగ్గింది.

గని వెంట పుట్టిన ఊళ్ళు

బైలదిల్లా అంటే ఎద్దు మూపురమని అర్థం. దూరం నుండి చూస్తే ఆ కొండల ఆకారం ఆ పేరును సార్థకం చేస్తుంది. కిరండూల్ వైపు గనిలో 1968లోను, బచేలి వైపు గనిలో 1977లోను ఉత్పత్తి మొదలైంది. నేటి పట్టణాలు గని వెంట పెరిగినవి. క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, ఆటస్థలం, గుడి ఒక పథకం ప్రకారం వచ్చాయి. వాటితోపాటు దుకాణాల సముదాయమూ వచ్చింది. ఇటువంటి టౌన్‌షిప్పులలో దుకాణాల ఏర్పాటు ఎలా జరుగుతుందో మనకు క్రొత్త కాదు. ఇన్ని క్వార్టర్లకు ఇన్ని కిరాణా కొట్లు, ఒక పాల బూతు, ఒక క్షౌరశాల, ఒక మందుల కొట్టు అని కాగితం మీద లెక్క వేసి గదులు కేటాయిస్తారు. ఏ వ్యాపారానికి ఇచ్చిన గదిలో ఆ వ్యాపారమే చేయాలన్నది సాధారణంగా ఉండే షరతు.

లెక్క వేసిననాడు అది సరియైన లెక్కే. నాడు గనికి వచ్చినవారు అధికభాగం పడుచువారు. వారికి బియ్యం, పప్పు, సబ్బు, బట్ట దొరికితే చాలు. అర్ధశతాబ్ది గడచింది. మనుషుల వయస్సు మారింది, అవసరాలు మారాయి. గదుల లెక్క మాత్రం అంత త్వరగా మారదు.

ఎవరికి ఏ దుకాణం కావాలి?

సాయంత్రం వేళ బజారు కళకళలాడుతూ ఉంటుంది. కొండ మీది షిఫ్టు దిగిన బస్సులు వచ్చేసరికి మిఠాయి అంగడి ముందు, టీ కొట్టు ముందు జనం. దేశంలోని అన్ని మూలల వారు అక్కడ కనబడతారు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల తెలుగువారికి కొదవ లేదు. పరిచయమైన వారినల్లా మేము ఒకే ప్రశ్న అడిగాము: “ఈ బజారులో ఒక క్రొత్త దుకాణం పెట్టించే అధికారం మీకిస్తే ఏది పెట్టిస్తారు?”

పెద్ద సూపర్ మార్కెట్టు, చల్లని గదిలో సినిమా, పేరున్న బట్టల షోరూము వంటి సమాధానాలు వస్తాయని ఊహించాము. పిల్లలు కొందరు అలాగే చెప్పారు. పెద్దల సమాధానాలు వేరుగా ఉన్నాయి.

మాకు భోజనం పెట్టిన తెలుగు ఇల్లాలు కొంచెంసేపు ఆలోచించి, “కుక్కరు గాస్కెట్టు, మిక్సీ జారు బ్లేడు మార్చే మనిషి కావాలి అన్నయ్యగారూ. క్రొత్త మిక్సీ మూడు రోజుల్లో పార్సెల్లో వస్తుంది. పాతది బాగుచేసే చేయి మాత్రం పార్సెల్లో రాదు కదా!” అన్నారు.

పదవీ విరమణకు రెండేళ్ళున్న ఒక సీనియర్ మెకానిక్ తన కళ్ళజోడు తీసి చూపారు. ఒక కొమ్మకు దారం చుట్టి ఉంది. “జగదల్‌పూర్ వెళ్ళాలి సార్. నూరు కిలోమీటర్ల పైమాటే. ఒక స్క్రూ కోసం ఒక రోజు సెలవు” అన్నారు. డంపరు ఇంజను విప్పి బిగించగల మనిషి చిన్న స్క్రూ దగ్గర ఓడిపోయాడని చుట్టూ ఉన్నవారు నవ్వారు. ఆయన కూడా నవ్వారు గాని, ఆ దారం కట్టిన కళ్ళజోడుతోనే గేజీలు చదువుతున్నారన్న సంగతి మాకు నవ్వు తెప్పించలేదు.

డిగ్రీ చదివే ఒక అమ్మాయి పుస్తకాల దుకాణం కావాలన్నది. పోటీ పరీక్షల పుస్తకాలు తెప్పించుకోవచ్చును గాని, కొనబోయే ముందు పుట తిప్పి చూసుకొనే చోటు లేదట. ఇద్దరు గృహిణులు ఆడవారి బట్టలు కొలత తీసుకొని కుట్టే ఆడ టైలరు కావాలన్నారు. మరొకరు అర్ధరాత్రి తలుపు తట్టితే తెరిచే మందుల కొట్టు కావాలన్నారు. పడుచు ఉద్యోగులు, బ్రహ్మచారులు, మన ఊళ్ళలో వలె కర్రీ పాయింటు ఉంటే చాలునన్నారు. చెప్పులు కుట్టే మనిషి కావాలని కోరినవారు ఎంతమందో!

ఈ సమాధానాలన్నీ ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. సరుకు కోసం అడిగినవారు తక్కువ. సరుకును పార్సెల్ బండి ఇంటి గుమ్మంలో దించిపోతున్నది. వారందరూ అడిగింది ఒక పనితనాన్ని, ఒక చేయిని, ఎదురుగా కూర్చుండి కొలత తీసుకొనే మనిషిని.

దుకాణం ఎందుకు నిలవదు?

మరి అటువంటి దుకాణాలు ఎందుకు లేవు? వ్యాపారులకు తెలియక కాదు. కొందరు పెట్టి, కొన్నాళ్ళు నడిపి, మూసివేశారని బజారులోని పెద్దలు చెప్పారు. దీనికొక లెక్క ఉన్నది. జర్మనీ భూగోళ శాస్త్రవేత్త వాల్టర్ క్రిస్టాలర్ 1933లో పట్టణాల అమరికను గురించి ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. ఏ దుకాణమైనా బ్రతకాలంటే కనీసం ఇంతమంది కొనుగోలుదారులు ఉండాలన్న హద్దు ఒకటి ఉంటుంది. కొనేవాడు ఇంతకు మించి దూరం రాడన్న హద్దు మరొకటి ఉంటుంది. ఉప్పు, పప్పు రోజూ కావాలి కనుక కొద్ది కుటుంబాలున్నా కిరాణా కొట్టు నిలుస్తుంది. కళ్ళజోడు ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి కావాలి. దానికి వేలాది మంది అండ ఉండాలి.

ఉదాహరణకు కళ్ళజోళ్ళవానికి వారానికి ముప్పై మంది వస్తేగాని అద్దె, కరెంటు, కుటుంబ పోషణ గడవవనుకొందాము. ఒక చిన్న పట్టణంలో వారానికి ఎనిమిది మందే వస్తారనుకొందాము. ఆరు రోజులు దుకాణం తెరచి కూర్చుంటే ఆరు రోజులూ నష్టమే. గది అద్దె తగ్గించినా, కొన్ని నెలలు మాఫీ చేసినా ఆ ఎనిమిది ముప్పై కాదు. అక్కడివారి కోరిక న్యాయమైనదే, వ్యాపారి భయమూ న్యాయమైనదే. గది కట్టి తాళం చేతికిచ్చినంత మాత్రాన ఆ రెండింటి నడుమ ఉన్న దూరం తీరదు.

సంత చెప్పిన జవాబు

ఈ చిక్కుకు విరుగుడు ఆ ఊరిలోనే, వారానికొకసారి, చెట్ల క్రింద మా కళ్ళబడింది. అదే వారపు సంత.

చుట్టుప్రక్కల కొండ పల్లెల నుండి మాడియా, మురియా స్త్రీలు తెల్లవారుజామునే బుట్టలతో నడచి వస్తారు. వేసవిలో ఇప్పపువ్వు, చింతపండు, సారపప్పు. మిగిలిన కాలాలలో దుంపలు, కూరాకులు, అడ్డాకు విస్తళ్ళు. ఎర్రచీమల పచ్చడి, దానిని వారు చాప్డా అంటారు, ఆకులో పొట్లం కట్టి అమ్ముతారు. ఒక ప్రక్క జీలుగు కల్లు. కొలతలకు పైలి, సోలి అనే పాత్రలు. మన ‘సోల’కు చుట్టం వంటి ఆ మాట వినగానే మా బృందంలోని గోదావరి జిల్లా మిత్రుడు పొంగిపోయాడు. ఎదురుగా మైదానం నుండి వచ్చిన వర్తకులు ఉప్పు, నూనె, బట్టలు, గాజులు, అల్యూమినియం గిన్నెలు పరుస్తారు.

సంతను మరీ ఆదర్శంగా చిత్రించడం మా ఉద్దేశం కాదు. ఒకప్పుడు బస్తర్ సంతలలో విలువైన సారపప్పును ఉప్పుకు మార్చుకొని పోయేవారన్నది జగమెరిగిన కథ. తూకం దగ్గర అమాయకుడు మోసపోవడం నేటికీ ఎక్కడైనా జరగవచ్చును. అయినా ఒక ఏర్పాటుగా చూస్తే సంత చేసే పని అద్భుతం. గొడుగులు బాగుచేసేవాడు సోమవారం ఒక ఊరిలో, మంగళవారం మరొక ఊరిలో ఉంటాడు. ఏ ఒక్క ఊరూ అతనిని పోషించలేదు, అయినా అన్ని ఊళ్ళూ కలిసి పోషిస్తాయి. ఒక ఊరికి వారమంతా చేరవలసిన కొనుగోలుదారులను సంత ఒకే రోజుకు కూడగడుతుంది.

పై లెక్కకు తిరిగి వద్దాము. కిరండూల్, బచేలి, దంతెవాడ, గీదం ఒకే దారి మీది ఊళ్ళు. కళ్ళజోళ్ళ మనిషి తన అద్దాల పెట్టెతో ఒక్కొక్క ఊరికి వారానికొక రోజు వస్తే నాలుగు ఎనిమిదులు ముప్పైరెండు. హద్దు దాటింది! మిక్సీలు బాగుచేసేవానికీ, ఆడ టైలరుకూ, పుస్తకాలవానికీ ఇదే లెక్క. కావలసినది దుకాణ సముదాయంలో ఒకే ఒక గది. దానికి ఏ ఒక్కరి పేరూ వ్రాయకుండా రోజుకొక పనివానికి వంతున ఇవ్వాలి. గుమ్మం మీద పలక వ్రేలాడదీసి, ఏ రోజు ఎవరు వస్తారో వ్రాసిపెట్టాలి. సోమవారం కళ్ళజోళ్ళు, మంగళవారం కుట్టుపని, బుధవారం పుస్తకాలు. ‘వంతుల గది’ అని పేరు పెట్టుకోవచ్చును. అర్ధరాత్రి మందుల కొట్టు సంగతి వేరు. అది వంతుల మీద నడిచేది కాదు, ఆసుపత్రితో జతపడవలసినది.

సంతలో చింతపండు అమ్ముతున్న ఒక వృద్ధురాలిని కూడా మా ప్రశ్న అడిగించాము. హల్బీ తెలిసిన కుర్రవాడు తర్జుమా చేశాడు. ఆమెకు ప్రశ్న వింతగా తోచింది. “దుకాణం నాకెందుకు? కొంచెం నీడ, ఒక కుళాయి ఉంటే చాలు” అన్నది. మేము సేకరించిన కోరికలన్నిటిలో ఇంత చవుకయినది, ఇంత అవసరమైనది మరొకటి లేదు. నిజానికి ఆమె కోరికలో ఒక హెచ్చరిక కూడా ఉన్నది. ఏ పట్టణంలోనైనా క్రొత్త దుకాణ సముదాయం కట్టాలన్న ఆలోచన రాగానే ముందుగా కంటబడే ఖాళీ స్థలం సంత మైదానమే. వారంలో ఆరు రోజులు అది ఖాళీగా కనిపిస్తుంది కనుక నక్షా గీసేవారికి అది వృథా స్థలంగా తోస్తుంది. ఆ ఏడవ రోజు మీద ఆధారపడి ఎన్ని పల్లెల ఉప్పు, నూనె గడుస్తున్నాయో నక్షాలో కనబడదు. బజారును పెంచబోయి సంతను పోగొట్టుకొంటే ఆ ఊరికి కొన్ని గదులు మిగులుతాయి, ఊరి చుట్టూ ఉన్న ప్రజలు దూరమవుతారు.

మన మాట

ఇదంతా ఎక్కడో బస్తర్ అడవుల సంగతి అని పాఠకులు అనుకోరాదు. భిలాయి, రూర్కెలా వంటి పెద్ద ఉక్కు నగరాలను అలా ఉంచండి. మన దేశంలో గని ప్రక్కన, విద్యుత్కేంద్రం ప్రక్కన, ఆనకట్ట ప్రక్కన వెలసిన చిన్న టౌన్‌షిప్పులు చాలా ఉన్నాయి. వాటన్నిటిలోను తొలినాటి దుకాణాల లెక్క ఒకటి, నేటి అవసరాలు ఒకటి. మన ఉక్కునగరంలో గాజువాక చేరువ కాబట్టి మనకా లోటు అంతగా తెలియదు. కూర్మన్నపాలెం దాటితే దొరకని వస్తువు లేదు. అయినా మన సెక్టార్లలో కూడా, కాళ్ళ నొప్పులతో బస్సెక్కలేని తల్లిదండ్రులున్న ఇళ్ళకు, షిఫ్టుల వలన పగలు నిద్రపోయే ఇంటివారికి, నడచి వెళ్ళగల దూరంలో చెప్పులు కుట్టే మనిషి, కళ్ళజోడు బిగించే మనిషి ఎంత అవసరమో ఆలోచించవలసి ఉన్నది.

క్రొత్త దుకాణాల విషయమై ఎప్పుడు అభిప్రాయాలు కోరినా, ‘ఏ సరుకు కావాలి’ అని మాత్రమే అడిగితే పార్సెల్ బండి తేగల వస్తువుల పట్టికే వస్తుంది. ‘ఏ పని కోసం మీరు ఊరు దాటి పోవలసి వస్తున్నది, దానికి ఎన్ని గంటలు పడుతున్నది’ అని అడిగితే అసలు పట్టిక బయటపడుతుంది. ఆ పట్టికలోని పనులకు నిత్యం తెరచి ఉండే దుకాణాలు నిలవకపోతే వాటిని వంతుల మీద రప్పించే ఉపాయం మన పెద్దల సంతలలో ఏనాటి నుండో ఉన్నది. ఒక గది, ఒక పలక, నాలుగు ఊళ్ళ మధ్య ఒక ఒప్పందం చాలు. దానితోపాటు సంత మైదానంలో నాలుగు చెట్లు, ఒక కుళాయి, ఒక సరియైన తూకపు యంత్రం సమకూర్చగలిగితే, మూపురం నీడలోని ఆ బజారు క్వార్టర్లవారికీ కొండవారికీ కూడా తమ ఊరి బజారే అవుతుంది.