టైగర్ గృహప్రవేశం

చీమకుర్తిలో ఇల్లు కట్టుకుని నేలకి గ్రానైటు పరిపించకపోతే నలుగురిలో పరువేముంటుంది చెప్పండి! ఊరి పక్కనే క్వారీలు. నల్లటి రాతిలో బంగారు నలుసులు మెరిసే గెలాక్సీ రాయి ఇక్కణ్ణుంచే ఓడలెక్కి దేశాలు పోతుంది. మావారు హాలంతా అదే పరిపించి, "నక్షత్రాల మీద నడుస్తున్నట్టు లేదూ!" అని మురిసిపోయారు.

మూడోరోజుకల్లా ఆ నక్షత్రాల మీద మా టైగర్ వర్షం కురిపించాడు.

టైగరంటే మరేం కాదు, అత్తగారి పల్లెలో పెరిగిన నాటుకుక్క. మామగారు పోయాక అక్కడి ఇల్లమ్మేసి అత్తగారిని తెచ్చుకున్నాం. ఆవిడతోపాటు ఒక నులకమంచం, ఒక రోలు, టైగరూ వచ్చారు. పల్లెలో ఏనాడూ గడపలోపల తడపనివాడు ఇక్కడ హాల్లో స్తంభం, సోఫాకాలు, అత్తగారి గదితలుపు వరసపెట్టి కాలెత్తాడు. అదైనా ఎంత? తీర్థంలాగా ఉద్ధరిణెడేసి!

తిట్టాను. చీపురు చూపించాను. ఫినాయిలు సీసాలకి సీసాలు గుమ్మరించాను. మర్నాడు సరిగ్గా అక్కడే!

"ఆదివారం వీణ్ణి కార్లో తీసుకెళ్ళి ఊళ్ళో వదిలేసొస్తాను" అని తీర్పు చెప్పేశారు మావారు.

అత్తగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తలెత్తకుండానే, "పనిలోపని నన్నుగూడా అదే కార్లో ఎక్కించు నాయనా" అన్నారు.

నేను పశువుల డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన ముందు మూత్రం జబ్బేమైనా ఉందేమో పరీక్ష చేశారు. లేదని తేలాక, "ఇంట్లోకి వేరే జంతువేదైనా వచ్చిందా అమ్మా?" అనడిగారు.

"అబ్బే, లేదండీ" అన్నాను. అంతలో గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాను. గృహప్రవేశంనాడు ఆవూదూడా ముందు నడిచాయి గదా! పురోహితుడుగారు మామిడాకుతో మూలమూలలా ఆవుపంచితం చల్లారు గదా!

డాక్టరుగారు పకపకా నవ్వారు. మన ముక్కులో వాసన పట్టే కణాలు సుమారు 60 లక్షలైతే, కుక్కకి 20 కోట్ల పైచిలుకేనట. కొత్తచోట బెదిరిన కుక్క, పరాయి వాసన తగిలితే దానిమీద తన వాసన చల్లి 'ఇక్కడ నేనూ ఉన్నాను' అని చెప్పుకుంటుందట. మావారు గుమ్మం పక్కన రాతిపలక మీద తన పేరు చెక్కించుకున్నట్టన్నమాట! అది కసి కాదు. అయిపోయాక తిడితే ఎందుకో తెలియక ఇంకా బెదురుతుంది, ఇంకా తడుపుతుంది. ఫినాయిలు వాసనని కప్పుతుందేగాని పోగొట్టదు. రాతిమీద తడి తుడిస్తే పోయినా, పలకల సందుల్లో ఇంకింది ఉండిపోతుంది. ఎంజైములున్న ద్రావకం పోసి, సీసామీద రాసినంతసేపూ నాననిచ్చి తుడవాలి. తడిపే చోటే వాడి అన్నంగిన్నో పడకో పెట్టాలి. వేళకి బయట తిప్పి, అక్కడ పోసిన వెంటనే మెచ్చుకుని ఏదైనా పెట్టాలి. ఆపరేషను చేయిస్తే చాలా మగకుక్కలకి తగ్గుతుంది, అన్నిటికీ పూర్తిగా మానదు.

"పాత ఇంటి వాసనున్న వస్తువేదైనా దగ్గరుంచండి. ధైర్యంగా ఉంటుంది" అన్నారు చివర్లో.

పాత ఇంటి వస్తువు! నులకమంచం గెలాక్సీ రాతికి నప్పదని మావారు మేడమీద పడేయించారు. నిజం చెప్పొద్దూ, చుట్టాలు చూస్తారని నాకూ నామోషీగానే ఉండి ఊరుకున్నాను.

ఆ సాయంత్రమే దింపించి, అత్తగారి గదిలో తలుపు పక్కనే వేయించాను. ఆవిడ నులకని చేత్తో తడిమి చూసి ఏమీ మాట్లాడలేదు. టైగర్ నాలుగు మంచంకోళ్ళూ వరసగా వాసన చూశాడు. నా గుండె ఆగినంత పనైంది. వాడు కిందికి దూరి, ముడుచుకుని పడుకున్నాడు.

ఒక్కరోజులో మానలేదులెండి. నెలన్నర పట్టింది. ఎన్ని ఇడ్లీముక్కలు, ఎన్ని షికార్లు! ఆపరేషనూ అయింది. మావారి ఆదివారం మాత్రం ఇంతవరకూ రాలేదు.

ఈ ఇంటికొచ్చిన కొత్తలో అత్తగారు అర్ధరాత్రి లేచి హాల్లో తిరుగుతుండేవారు. ఏమని అడిగితే, "కొత్తచోటు గదమ్మాయ్, నిద్ర పట్టడంలా" అనేవారు. వయసు మీదపడిందిలే అనుకున్నాను. పాపం, ఆవిడ నోటితోనే చెప్పారు. టైగర్ చెప్పినట్టు చెప్పలేదు గనక నాకు వినపడలేదు.

ఇప్పుడు రాత్రిళ్ళు ఆ గదిలోంచి రెండు గురకలు వినపడుతున్నాయి.