మిరప కల్లంలో నూనెరంగులు

ఎడారి చిత్రాలు వేయాలని రాజస్థాన్ దాకా పోయే మిత్రులు నాకున్నారు. నేను నరసరావుపేట దాటి ఆగిపోతాను. ఫాల్గుణం వెళ్ళేసరికి గుంటూరు, ప్రకాశం సీమల మెట్టపొలాలు ఎడారికి దగ్గర చుట్టాలే. పత్తికట్టె పీకేసిన నల్లరేగడి చెయ్యి దూరేటంత నెర్రెలు విచ్చి ఉంటుంది. కనుచూపు మేర నాలుగు తుమ్మలు, రెండు తాళ్ళు, ఆవల ఏ దిక్కునుంచి చూసినా మూడు శిఖరాలతో కనిపించే కోటప్పకొండ. ఒక్కటే తేడా: ఈ ఎడారిలో ఎక్కడ చూసినా మిరపకాయ ఎర్రగా పరచి ఉంటుంది.

దామెర్ల రామారావు (1897–1925) రాజమండ్రివాడు కావటం వల్లనో ఏమో, తెలుగు ప్రకృతి చిత్రమనగానే మనకు గోదావరీ, పచ్చదనమూ గుర్తుకొస్తాయి. అక్కడికి నీటిరంగులు సరిపోతాయి. ఇక్కడి ఎండకు అవి కుంచె ఎత్తేలోపునే ఆరిపోతాయి. అవిసెనూనె అలా కాదు. అది ఆవిరైపోదు, గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది గనుక పూటంతా రంగు చెప్పినమాట వింటుంది. టర్పెంటైను మాత్రం గిన్నెలోంచి చూస్తూండగానే మాయమవుతుంది! 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు తగరపు గొట్టాల్లో రంగు నింపే ఉపాయం కనిపెట్టకపోతే, ఈ పొలాలకు రంగులు మోసుకురావటం ఎవరి తరం?

గొడుగు సంగతి కూడా చెప్పాలి. రంగుల గొడుగు పనికిరాదు; దాని ఛాయ కాన్వాసు మీద పడి కన్నును మోసగిస్తుంది. అసలు గొడుగే లేకపోతే మరీ ప్రమాదం. ఎండలో ధగధగలాడిన చిత్రం ఇంటికి తెచ్చి గోడకు ఆనించేసరికి మసిబారి ఉంటుంది. తాతలనాటి నల్లగొడుగే శ్రేష్ఠం. ఘాటుకు మాత్రం ఏ గొడుగూ లేదు. గాలి ఇటు తిరిగిందా, ఇక తుమ్ములే.

మొన్న మార్చిలో ఒక కల్లం గట్టున కూర్చున్నాను. మిరప ఎరుపు ఒక్క ఎరుపు కాదు. పొద్దుటి ఏటవాలు ఎండలో కాయకాయకూ ఒక నీలినీడ. పదకొండింటికి నీడలు పోయి అంతా ఒకే మంట. సాయంత్రానికి ఎండిన నెత్తురు. ఆ ఎరుపులో అక్కడక్కడ పాలిపోయిన తెల్లకాయలు. వాటివల్లనే నా ఎరుపుకు ప్రాణం వచ్చింది. తీరిగ్గా తెల్లరంగు అద్దుతున్నాను.

చేట పట్టుకుని కాయ ఏరుతున్న ముసలామె వెనకగా వచ్చి నిలబడింది.

"ఏంది బాబూ, తాలు కూడా రాస్తన్నావా?"

"ఉన్నది ఉన్నట్టు వేస్తున్నాను, పెద్దమ్మా."

"మొన్న నాలుగు చినుకులు పడ్డయ్యి. వాటి పుణ్యమే ఇది. యార్డులో దీన్ని ఎర్రకాయ ధరకు అడిగేవోడు లేడు. నీ బొమ్మలోనన్నా ఏరి పారెయ్యరాదూ?"

పత్తికి తెలుపే ధర. మిరపకు తెలుపు వస్తే నష్టం. కాయ కల్లంలో ఎండే 10–15 రోజులూ ఏడాది కష్టమంతా ఆకాశం కింద పరచి ఉంటుంది. నేను ఏమీ చెరపలేదు. ఆమె కూడా మళ్ళీ అడగలేదు. వంగి, చేటలోకి తాలు ఏరుతూనే ఉంది.

మూడు గంటలవేళ కొండ పక్కగా ఒక మబ్బు లేచింది. బూడిదా, ఊదా కలిసిన చక్కటి రంగు. చిత్రంలో ఆ మూల వెలితిగానే ఉంది. కుంచె ముంచానో లేదో, "పట్టాలు కప్పండర్రా!" అని ఆమె కేక వేసింది. కుంచెలు పెట్టెలో పడేసి నేనూ ఒక కొస పట్టుకున్నాను.