పుట్టింటి బోనసు

మోటారు ఇన్సూరెన్సువాళ్ళ భాషలో 'నో క్లెయిమ్ బోనస్' అని ఓ ముచ్చటైన మాట ఉంది. ఏడాది పొడుగునా బండిని ఎవరికీ తగిలించకుండా, కంపెనీని పైసా అడక్కుండా బుద్ధిగా ఉన్నవాడికి మరుసటేడు ఇచ్చే తగ్గింపు అది. మన దేశంలో సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియంలో మొదటి ఏడు గడిస్తే 20 శాతం, ఆపైన 25, 35, 45, అయిదేళ్ళు నిండితే సగానికి సగం. పైగా ఈ బోనసు బండిది కాదు, మనిషిది. బండి అమ్మేసినా సరే, కంపెనీవాడి చేత కాగితం రాయించుకుంటే మూడేళ్ళదాకా దాచుకుని కొత్త బండికి వాడుకోవచ్చు. మా వారు ఆ కాగితాన్ని నా పట్టుచీరల మధ్య పెట్టి మరీ ఇంగ్లండు తెచ్చారు.

తీరా చూస్తే ఆ సొత్తు సముద్రం దాటదట!

కోడళ్ళుగా బతికినవాళ్ళకి ఇందులో వింతేమీ తోచదనుకుంటాను. పుట్టింట్లో పదేళ్ళపాటు పదిమందికి వండి వార్చి ఉండొచ్చు. అత్తవారి వంటింట్లో అడుగు పెట్టగానే, "పప్పులో ఉప్పెప్పుడు వెయ్యాలో తెలుసా అమ్మాయ్?" అన్న దగ్గరే మళ్ళీ ఓనమాలు. బ్రిటన్‌లో చాలా ఇన్సూరెన్సు కంపెనీలది అచ్చం అత్తగారి వరసే. అక్కడ ఎన్నేళ్ళు నడిపావయ్యా అని అడగరు. ఇక్కడెన్నేళ్ళు నడిపావంటారు.

ఉద్యోగరీత్యా మేం రెడింగ్ వచ్చింది 2021లో. మన లైసెన్సు మీద అక్కడ పన్నెండు నెలలే నడపనిస్తారు. తర్వాత పరీక్ష రాయాల్సిందే. యాభై ప్రశ్నల్లో నలభై మూడింటికి సరైన జవాబు చెప్పాలి. ఆపైన రోడ్డు మీద ఎదురయ్యే ప్రమాదాన్ని ముందే పసిగట్టే వీడియో పరీక్ష. అదీ అయ్యాక అసలు డ్రైవింగు. ఇరవై రెండేళ్ళు హైదరాబాదులో బండి నడిపిన మా వారు, పదిహేడేళ్ళ కుర్రాళ్ళ పక్కన కూర్చుని పరీక్ష రాశారు. నేను మార్చిలో గట్టెక్కాను. ఆయన మొదటిసారి తప్పి జూలైలో పాసయ్యారు. అద్దం సరిగ్గా చూడలేదన్నాట్ట పరీక్షకుడు. ఆబిడ్స్ ట్రాఫిక్‌లో పక్క అద్దాలు మడిచిపెట్టుకుని నడిపిన మనిషి, ఏం చేస్తారు పాపం!

రెడింగ్‌లో బస్సులు బాగుంటాయి కనక కారు లేకుండానే ఓ ఏడాదిన్నర గడిచింది. అక్కడితో ఊరుకుంటే ఈ వ్యాసమే లేదు.

1998లో మన దేశంలో మిత్సుబిషి లాన్సర్ అమ్మకానికొచ్చింది. కొన్నాళ్ళకి మా వారు సెకండ్‌హాండ్‌లో ఒకటి కొన్నారు. దాన్ని ఎంత ముద్దుగా చూసుకున్నారో చెప్తే మా పిల్లలు నొచ్చుకుంటారు. అదే పేరుతో, అదే వంశంలో జపానులో ఇంకొకటుంది: లాన్సర్ ఎవల్యూషన్. తాతగారి పేరు పెట్టుకున్న ఇద్దరు మనవల్లో ఒకడు గుమాస్తా, ఒకడు వస్తాదు అయినట్టు. మన లాన్సరుకి తొంభై గుర్రాల బలం కూడా ఉండేది కాదు. ఎవల్యూషన్‌కి కాగితం మీద 280. కాగితం మీద అని ఎందుకంటున్నానంటే, 1989 నుంచి 2004 దాకా జపాను కంపెనీలు 280కి మించి చెప్పకూడదని తమలో తామే ఓ పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నాయి. పెళ్ళిచూపుల్లో అమ్మాయి వయసు చెప్పే పద్ధతన్నమాట. ఫిన్లండుకి చెందిన టోమి మాకినెన్ 1996 నుంచి 1999 వరకు వరసగా నాలుగేళ్ళు ప్రపంచ ర్యాలీ ఛాంపియనైంది ఆ బండ్ల మీదే. ఆ రోజుల్లో టీవీ ముందు కూర్చుని, "ఎప్పటికైనా..." అని ఆగిపోయేవారట మా వారు.

ఆ 'ఎప్పటికైనా' 2023 వేసవిలో ఓడెక్కి సౌతాంప్టన్ రేవులో దిగింది. 1999లో తయారైన ఎవల్యూషన్ సిక్స్. మా మామగారి ఇంటి వాటా అమ్మితే వచ్చిన డబ్బు అందులో పెట్టారు. కిలోమీటర్ల మీటరుని మైళ్ళలోకి మార్పించి, వెనక మంచుదీపం పెట్టించి, రిజిస్ట్రేషన్ చేయించే వరకు ఉత్సాహంగానే ఉన్నారు.

ఇక ఇన్సూరెన్సు! బ్రిటన్‌లో కార్లని ఒకటి నుంచి యాభై దాకా గ్రూపులుగా విడదీశారు. అంకె పెరిగితే ప్రీమియం పెరుగుతుంది. విడిగా దిగుమతైన బండికి తరచూ ఆ వరసలో ఏ అంకే ఉండదు. కంప్యూటర్‌లో వివరాలు నింపితే, "మీ బండి మాకు దొరకలేదు" అని మర్యాదగా చెప్పింది. ఫోన్లో దొరికిన మొదటి కంపెనీవాడు చెప్పిన ఏడాది ప్రీమియం మా ఇంటికి మూడు నెలల అద్దె. రెండోవాడు, "యు.కె. లైసెన్సు వచ్చి ఎన్నాళ్ళు?" అని అడిగి, సమాధానం విని ఫోన్ పెట్టేశాడు.

ఆ సాయంత్రం ఒక తెలుగు మిత్రుడు వచ్చి టీ తాగుతూ ఉపాయం చెప్పాడు. "పాలసీ వదిన పేరు మీద తీసుకో అన్నా. నిన్ను రెండో డ్రైవరుగా వేస్తే సరి. ఆవిడ లైసెన్సు నీకన్నా పాతది. పైగా ఆడవాళ్ళకి తక్కువ."

ఆ చివరిమాట పాతకాలపుది. ఒకప్పుడు నిజంగానే తక్కువుండేది. ఆడా మగా అని ప్రీమియంలో తేడా చూపకూడదని యూరప్ న్యాయస్థానం 2011లో తీర్పిస్తే, 2012 డిసెంబరు 21 నుంచి ఆ తేడా పోయింది. మన నెమ్మదితనానికి దొరికిన ఒక్క తగ్గింపూ సమానత్వం పేరిట పోయిందని నవ్వాలో ఏడవాలో తెలీదు.

మొదటిమాట సంగతి వేరు. నడిపేది ఒకరు, పేరు ఇంకొకరిది. దాన్నక్కడ మోసమే అంటారు. బయటపడితే పాలసీ రద్దు, ఇన్సూరెన్సు లేకుండా నడిపినట్టు లెక్క, లైసెన్సు మీద ఆరు పాయింట్లు. పరీక్ష పాసైన రెండేళ్ళలోపు ఆరు పాయింట్లు పడితే లైసెన్సే పోతుంది. నలభై ఎనిమిదేళ్ళ మా వారు ఆ చట్టం దృష్టిలో పాలబుగ్గల కొత్త డ్రైవరు.

"నవలల్లో ఎన్ని అబద్ధాలైనా రాస్తాను. వాటికి పారితోషికం ఇస్తారు, దీనికి కేసు పెడతారు" అన్నాను. మిత్రుడు నవ్వాడు. మా వారు నవ్వలేదు. ఒక్క క్షణం ఆయన నా మొహం వంక చూసిన చూపులో, 'ఒప్పుకుంటే బావుణ్ణు' అన్నది లేకపోలేదు. పాతికేళ్ళ కోరిక మరి. మిత్రుడు వెళ్ళాక చాలాసేపు గారేజీలో దీపం వేసుకుని కూర్చున్నారు. లోపలికొచ్చి, "నాన్న ఆర్టీసీలో రిటైరయ్యేదాకా ఒక్క యాక్సిడెంటు చెయ్యలేదు. ఆయన డబ్బుతో కొన్న బండికి దొంగకాగితం ఎందుకులే" అన్నారు. "అవసరమైతే అమ్మేద్దాం" అని కూడా అన్నారు కానీ, ఆ మాట నాకు వినిపించకూడదన్నట్టు అన్నారు.

దిగుమతి బండ్లకే పాలసీలు చూసే ఒక బ్రోకరమ్మ దొరికింది. ముప్పావుగంట ఫోన్లో ప్రశ్నలు వేసింది. రాత్రి బండి ఎక్కడుంటుంది? ఆఫీసుకి తీసుకెళ్తారా? దొంగల గంట ఏ రకం? ఇంతకుముందున్న జపాను యజమాని పొగగొట్టం మార్పించాడు, స్ప్రింగులు మార్పించాడు, గంటకి 180 కిలోమీటర్లు దాటకుండా కంపెనీ పెట్టిన అడ్డు తీయించాడు. అన్నీ చెప్పారు మా వారు. ఒక్కొక్కటి చెప్తూంటే పక్కనున్న నాకు ప్రీమియం మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించింది.

ఆ దేశంలో ఈ ప్రశ్నోత్తరాలకి పెద్ద చరిత్రే ఉంది. సుమత్రా దీవిలో ఈస్టిండియా కంపెనీ కోటకి గవర్నరుగా ఉన్న కార్టర్, శత్రువులు కోట పట్టుకుంటే తనకొచ్చే నష్టానికి లండన్‌లో ఇన్సూరెన్సు చేయించాడు. ఫ్రెంచివాళ్ళు వచ్చి పట్టుకోనే పట్టుకున్నారు. కోట బలహీనతలు దాచావంటూ ఇన్సూరెన్సు ఇచ్చినవాడు ఎదురు తిరిగాడు. 1766లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ కార్టర్‌నే గెలిపించినా, తెలిసిన ముఖ్యమైన సంగతులు దాచకూడదన్న సూత్రం ఆ తీర్పుతోనే నిలబడింది. మామూలు జనానికి ఆ భారం 2012 చట్టంతో తగ్గింది. ఇప్పుడు అన్నీ మనంతట మనమే చెప్పక్కర్లేదు, అడిగినవాటికి జాగ్రత్తగా నిజం చెప్తే చాలు. మా బ్రోకరమ్మ మాత్రం అడక్కుండా ఏదీ వదల్లేదు.

చివర్న, "ఇండియాలో నో క్లెయిమ్ కాగితమేమైనా ఉందా?" అంది. మా వారు పట్టుచీరల దగ్గరికి పరుగెత్తారు.

పూర్తి బోనసు ఇవ్వలేదు లెండి. అనుభవాన్ని గుర్తించి తొలి ఏడాదికి కొంత తగ్గించారు. ఏడాదికి మూడు వేల మైళ్ళే నడపాలి, రాత్రి గారేజీలోనే ఉండాలి, ఎక్కడుందో చెప్పే ట్రాకర్ బిగించాలి. బండి పోతే ఎంతివ్వాలో ఫోటోలు చూసి ముందే ఒప్పుకున్నారు. అన్నీ కలిపితే మూడు నెలల అద్దె రెండు నెలలకి దిగింది. ఇంకా ఎక్కువేననుకోండి. ఆ ఏడు మేం ఇండియా ప్రయాణం మానుకున్నాం.

పాలసీలో రెండో డ్రైవరు గళ్ళో నా పేరుంది. పేరుకి కాదు, నిజంగానే నడుపుతాను. నెలకో ఆదివారం నాది. మా వారు పక్క సీట్లో పిడికిళ్ళు బిగించుకుని కూర్చుని, "అద్దం చూడు, అద్దం" అంటూంటారు.