మన ఘాట్ రోడ్డు మీద బండికి కిలోమీటరుకు ఎంత పడుతుంది?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. సబ్సిడీ బండికి దరఖాస్తు పెట్టుకున్న వాళ్లు, కాఫీ డబ్బులతో సెకండ్ హ్యాండ్ కారు తీసుకుందామని చూస్తున్న వాళ్లు అయితే తప్పకుండా చదవండి.

మేము ఐదుగురం. డిగ్రీ అయ్యాక తలా కొంత వేసుకుని ఒక పాత బొలేరో తీసుకున్నాం. పసుపు ప్లేటు బండి. చింతపల్లి సంతకు జనాన్ని, నర్సీపట్నం బస్సు ఎక్కాల్సిన వాళ్లని తిప్పుతాం. మాలో ఇద్దరు నడుపుతారు, ఒకరు లెక్క రాస్తారు. కొన్న రోజు నుంచే నోటుబుక్ పెట్టాం. ఎందుకంటే, సబ్సిడీ మీద వచ్చి మూడో ఏడాదికే చింతచెట్టు కింద ఆగిపోయిన బండ్లను చూస్తూ పెరిగిన వాళ్లం మేము. టైర్లలో గాలి పోయి, సీట్లలో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. వాటికేమీ బాగుకాని జబ్బు రాలేదు. ఒకదానికి క్లచ్ పోయింది, ఇంకోదానికి ఇన్సూరెన్స్ కట్టలేకపోయారు, అంతే. వచ్చిన కిరాయి ఏ రోజుది ఆ రోజే ఇంట్లోకి వెళ్లిపోయింది. ఒక్కసారిగా పది పన్నెండు వేలు కావాల్సి వచ్చేసరికి చేతిలో లేవు. కిందనుంచి వచ్చినోళ్లు ఆ బండిని చూసి "వీళ్లకి ఇస్తే ఇంతే" అని పోతారు. బండి కొనడానికి లోను ఇచ్చారు గానీ, దాన్ని ఏటా బతికించడానికి ఎంతవుతుందో ఆ ఇంట్లో కూర్చుని లెక్క చెప్పినోళ్లు ఒక్కరూ లేరు.

కాబట్టి మా లెక్క చెప్తాం. మొదటి ఏడాది బండి 24,000 కిలోమీటర్లు తిరిగింది. ఆయిల్, ఫిల్టర్లతో సర్వీసింగ్ రెండుసార్లు, 13,600. నాలుగు టైర్లు 23,200. క్లచ్ ప్లేటు సెట్టు, కూలీతో కలిపి 11,500. బ్రేకులకు 7,400, వెనక కమాన్ పట్టీలకు 5,200, బ్యాటరీ 6,500. ఇన్సూరెన్స్ 27,900. ఫిట్‌నెస్, పన్ను, పొల్యూషన్ సర్టిఫికెట్ అన్నీ కలిపి 8,700. మొత్తం 1,04,000 రూపాయలు. అంటే కిలోమీటరుకు 4 రూపాయల 33 పైసలు. ఇందులో డీజిల్ లేదు, నడిపినోళ్ల కూలీ లేదు. డీజిల్ మాకు కిలోమీటరుకు ఎనిమిది రూపాయల దాకా పడుతుంది. అంటే డీజిల్ కొట్టించిన ప్రతిసారీ అందులో సగానికి పైగా కనబడని ఖర్చు ఇంకోటి అయిపోతోందన్నమాట. డీజిల్ డబ్బు బంకులో కళ్ల ముందే పోతుంది. ఈ నాలుగు రూపాయలు మాత్రం జేబులో ఉన్నట్టే కనిపిస్తాయి, అదే మోసం.

నర్సీపట్నం షెడ్డులో మేస్త్రీ మా క్లచ్ ప్లేటు విప్పి "కొండ బండేనా?" అని అడిగాడు. మైదానంలో తిరిగే బండికి ఇంత తొందరగా అరగదట. ఎక్కుడులో ముందు జీపు ఆగితే మనం హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెడతాం. అలా నిలబెట్టిన ప్రతిసారీ ప్లేటు రాసుకుంటూనే ఉంటుంది. హ్యాండ్ బ్రేకు వేసి, క్లచ్ వదిలేసి నిలబడాలి. దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త. లంబసింగి నుంచి కిందికి డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలే వాళ్లున్నారు. దయచేసి వదలకండి. ఏ గేరులో ఎక్కామో దాదాపు అదే గేరులో దిగితే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. లేదంటే భారమంతా బ్రేకుల మీదే. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను లాక్కుంటుంది, పాతదయ్యే కొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. పొడుగు దిగుడులో పెడల్ మెత్తగా లోపలికి పోవడానికి అదొక కారణం. రెండేళ్లకోసారి ఆ ఆయిల్ మార్చాలి. కొత్త సీటు కవర్ల కన్నా తక్కువకే అయిపోయే పని, కానీ మనోళ్లు ముందు సీటు కవర్లే వేయిస్తారు!

వానాకాలంలో గెడ్డ దాటాక వెనక డ్రమ్ముల్లోకి నీళ్లు పోతాయి. దాటిన వెంటనే మెల్లగా పోతూ రెండు మూడుసార్లు బ్రేకు నొక్కి ఆరబెట్టుకోవాలి. వేసవిలో దుమ్ముకి ఎయిర్ ఫిల్టర్ కంపెనీ చెప్పిన గడువు దాకా ఆగదు, ముందే విప్పి దులపాలి.

తెల్ల ప్లేటు కారుతో కిరాయి కొడుతున్న తమ్ముళ్లకు ఒక్క మాట. సొంత వాడకానికి తీసుకున్న పాలసీ కిరాయి ట్రిప్పుకు వర్తించదు. ఏదైనా జరిగితే ఆ డబ్బు మన పొలం మీదికి వస్తుంది.

ఇప్పుడు మా పద్ధతి. సాయంత్రం బండి ఆపగానే మీటరు చూసి, తిరిగిన కిలోమీటర్లకు నాలుగున్నర చొప్పున ఒక బిస్కెట్ డబ్బాలో వేస్తాం. కిరాయి పంచుకోవడం ఆ తర్వాతే. డబ్బా నిండితే బ్యాంకులో వేస్తాం. దీనిమీద మాలో గొడవ కాలేదని కాదు. జూలై, ఆగస్టులో కిరాయిలే ఉండవు, ఇంట్లో నాట్ల ఖర్చు ఉంటుంది, అప్పుడు డబ్బా కళ్ల ముందు కనబడుతుంటే కష్టమే. ఇద్దరు అప్పుగా అడిగారు. ఇవ్వలేదు. వాళ్లు వారం రోజులు మాతో సరిగ్గా మాట్లాడలేదు.

అసలు పెద్ద చర్చ పేషెంట్ల గురించి. మా పైఊరికి ఇప్పటికీ బండి పోదు. నొప్పులొస్తే డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొస్తారు, అక్కడినుంచి మా బండి ఎక్కిస్తాం. కిరాయి తీసుకోం. తీసుకోకూడదని ఐదుగురం మొదటిరోజే అనుకున్నాం. కానీ ఆ ట్రిప్పుకు కూడా టైరు అరుగుతుంది కదా, ఆ నాలుగున్నర ఎవరు వేయాలి? ఒకడు వదిలేద్దాం అన్నాడు. వదిలేస్తే ఆ రాత్రి ట్రిప్పులన్నీ కలిసి ఒక టైరు తినేస్తాయి, టైరు లేక బండి ఆగితే మళ్లీ అదే అక్కని డోలీలోనే ఇంకా కిందిదాకా మోయాలి. చివరికి తేలిందేమంటే, డీజిల్ ఆ కుటుంబం ఇవ్వగలిగితే ఇస్తుంది, లేకపోతే లేదు. నాలుగున్నర మాత్రం మా ఐదుగురి వాటాల్లోంచి అదేరోజు డబ్బాలో పడాలి. పోయిన వానల్లో అలా పదకొండు ట్రిప్పులు వేశాం. నోటుబుక్‌లో వాటికి వేరే పేజీ ఉంది.

మారేడుమిల్లి ఘాట్ మీద, ఉట్నూరు వైపు, భద్రాచలం వైపు బండ్లు నడుపుతున్న వాళ్లు మీకు కిలోమీటరుకు ఎంత పడుతోందో కింద రాయండి. టైర్లు ఎన్ని వేల కిలోమీటర్లు వస్తున్నాయో కూడా రాయండి, మావి వెనకవి రెండూ ఈ వానల ముందు మార్చాలి.