మా పిల్లి

ఎలుకల బాధ మాన్పుటకై మా యవ్వ పెంచిన పిల్లిని పరమసాధువని నేను మెచ్చుకొనుచుంటిని. గత వేసవిలో నొకనాటి యుదయమున మల్లెపొదలోని పిగిలిపిట్ట గూడు నేలబడియుండెను. పిల్లలు రెండును లేవు. తల్లిపిట్ట దడిమీద నఱచుచుండెను. పిల్లి మూతికి ఈక యంటియుండెను. పాలు త్రాగిన కడుపునకు వేటయేలయని కోపించి కొట్టబోతిని.

"దాని స్వభావమది. రాత్రి తలుపు తెఱచి విడిచినది నీవుగదా, నాయనా" యని యవ్వ యడ్డుపడెను.

పిమ్మట న్యూజీలాండునందలి స్టీఫెన్సు దీవి కథ చదివితిని. అచ్చట 1894లో దీపస్తంభము వెలిగెను. కావలివారితో పిల్లియు వచ్చెను. ఎగురనేరని చిన్నపిట్టజాతి యొకటి యా దీవిలో నుండెను. పిల్లి తెచ్చిన కళేబరములను జూచియే శాస్త్రజ్ఞులు దాని నెఱిగిరి. కొలదికాలములోనే యది నశించెను. ఒక్క పిల్లియే యంతయు చంపెనని లోకులందురు, కాని యవి పెక్కు.

ఇప్పుడు ప్రొద్దుగ్రుంకగనే పిల్లిని లోపలనుంచి గడియ వేయుచున్నాను. అది తెల్లవాఱువఱకు తలుపు గీకుచునేయున్నది.